బోర్డు నడక

బెల్లంపల్లి,
11 జూన్ 2024

అనసూర్యక్కకు,

నీ బిడ్డ స్వరూపను నా కొడుకు మొగిలికి ఇస్తానని కులపెద్దల ముందు తాంబూలం అందుకుని, ఏడాది తిరగకుండానే ఆ పిల్లను ఆసిఫాబాద్ రెవెన్యూ ఆఫీసు గుమస్తాకు కట్టబెట్టిన దానివి నువ్వు. ఆ శుభలేఖ నాకు పోస్టులో వచ్చింది. తోడబుట్టిన వాడి గుమ్మానికి పసుపు రాసి బొట్టు పెట్టి పిలవాల్సిన పెళ్ళికి పోస్టుమాన్‌ను పంపావు. గని కార్మికుడి కన్నా కుర్చీలో కూర్చునేవాడు మేలనుకున్నావు. కారణమడిగితే నీ మొగుడు రాములు బావ గోడవైపు చూశాడు. ఇరవై అయిదేళ్ళు నీ గడప తొక్కలేదు. ఇప్పుడు కూడా అభిమానం పొంగి రాయడం లేదు. పని పడి రాస్తున్నాను.

మొగిలి గనికి పోలేనంటున్నాడు. కాళ్ళలో సత్తువ లేదట. ఇక్కడి సంగతి నీకు చెప్పనక్కర్లేదు. కార్మికుడు పనికి తగడని మెడికల్ బోర్డు రాసిందంటే అతని కొడుక్కి ఆ కొలువు వస్తుంది. నా మనవడు సాయిచంద్ డిగ్రీ పూర్తి చేసి మొబైల్ చూసుకుంటూ కూర్చున్నాడు. సరిగ్గా ఇప్పుడే తండ్రి కాళ్ళు పోయాయి. గని హాజరు గుమస్తాగా ముప్పై ఏళ్ళు పని చేశాను. రాని జ్వరాలు, లేని నొప్పులు ఎన్ని చూశానో నాకు తెలుసు. బోర్డు ముందు ఎలా నడవాలో నేర్పే దళారులు ఈ ఊళ్ళో ఉన్నారు. ఏ కాలు ఈడ్చాలో, ఎక్కడ గోడ పట్టుకోవాలో నేర్పిస్తారు. మా క్వార్టర్ల లైనులో పిల్లలు దాన్ని 'బోర్డు నడక' అని ఆట కట్టి ఆడుకుంటారు. ఆ దందా మీద పేపర్లకు నేను రాసినన్ని ఉత్తరాలు ఈ జిల్లాలో ఇంకెవరూ రాయలేదు. ఇప్పుడు అదే నడక నా ఇంట్లో మొదలైంది.

మొగిలి పిక్కలు చూస్తే కుస్తీ పట్టేవాడి పిక్కల్లా ఉంటాయి. అలాంటి వాడు నేల మీద కూర్చుని తినలేనని కుర్చీ అడిగాడు. మా ఇంట్లో కుర్చీ మీద అన్నం తినే ఆచారం లేదన్నాను. కోడలు మొహం ముడుచుకుంది. భైంసా పిల్ల, మాట పైకి రాదు గానీ గిన్నెలు చప్పుడు చేస్తాయి.

అందుకని నేనే బోర్డు డాక్టరు దగ్గరికి పోయాను. మా వాడి నడక చూసి మోసపోవద్దు, లోపల ఏముందో చూడండి అని చెప్పి వచ్చాను. ఆయన ఎమ్మారై తీయించమని రాశాడు. అది కూడా కరీంనగర్‌లో కండరాల రోగాలు చూసే డాక్టరు దగ్గరే కావాలట. లోపలి కండను మనిషి నటించలేడు. తేలిపోతుంది.

వాడు నీ ఇంటికి వస్తాడు. రెండు పూటలు అన్నం పెట్టు. నా చెవులు పోయాయి, ఫోనులో నాకు వినబడేది ఉత్త గురగుర. ఏమున్నా కాగితం మీద రాయి.

తమ్ముడినన్న సంగతి రికార్డులో మాత్రం మిగిలిన
కుమారస్వామి


కరీంనగర్,
22 జూన్ 2024

తమ్ముడు కుమారస్వామికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి వినిపించబోయి స్వరూప మొదటి రెండు ముక్కలు చూసి నా చేతికిచ్చింది. నా ఏడో తరగతి చదువు నీ చేతిరాతకు సరిపోయింది. అక్షరాలు ఇప్పటికీ ముత్యాల్లా ఉన్నాయి. మాటలే ముళ్ళు.

మొగిలి వానలో వచ్చాడు. పెద్దపల్లిలో రైలు దిగి బస్సెక్కాడట. ఆటోలోంచి కడ్డీ పట్టుకుని, ముందు ఒక కాలు తీసి, దాన్ని చేత్తో సర్ది, తర్వాత రెండోది దింపాడు. తువ్వాలు ఇస్తే తల తుడుచుకుని నవ్వాడు. నవ్వు అచ్చం వాళ్ళమ్మ పోశక్కదే. నా మరదలు పోయి ఎనిమిదేళ్ళయింది గానీ ఆ నవ్వు మా ఇంట్లోకి నడిచి వచ్చింది.

మాటల్లో పడి చాప వేశాను. కూర్చోవడం కూర్చున్నాడు. లేచేటప్పుడు చూశాను. ముందు బోర్లా తిరిగాడు. చేతులు నేలకు ఆనించాడు. తర్వాత మోకాళ్ళ మీద, ఆ తర్వాత తొడల మీద చేతులు వేసి, తన ఒంటి మీద తానే ఎక్కుతున్నట్టు లేచాడు. నేను వంటింట్లోకి పోయి కాసేపు అక్కడే ఉన్నాను. వాడే వచ్చి, "ఏం గాలే అత్తా, నేను గిట్లనే లేస్త, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

స్కానింగుకు స్వరూప తీసుకుపోయింది. ఆ రోజు మాత్రం కాలేదు. లోపలికి పంపే ముందు ఏవేవో అడిగారట, వీడు ఏదో చెప్పాడట, ఇప్పుడు కుదరదు, ఇంకో రోజు రమ్మన్నారు. నాకు అంతకన్నా తెలియదు. వాడు ఇక్కడే ఉంటాడు, నువ్వు ఎదురు చూడకు.

ఒకటి అడుగుతాను, కోపం లేకుండా జవాబు రాయి. వాడి కాళ్ళు ఎప్పటి నుంచి ఇలా ఉన్నాయి? పోశక్క ఉండగానే మొదలైందా? కుర్చీ వద్దన్నావని వాడు చెప్పలేదు, నువ్వే రాశావు. అది మాత్రం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

స్వరూప పెట్టిన మామిడికాయ తొక్కు మొగిలి చేత పంపుతాను. నూనె తక్కువ వేసింది, నీకు కడుపులో మంట కదా.

అక్క
అనసూర్య


బెల్లంపల్లి,
30 జూన్ 2024

అనసూర్యక్కకు,

నువ్వు దాచబోయిన సంగతి నీ ఉత్తరంలోనే ఉంది. ఏవో అడిగారు, వాడు ఏదో చెప్పాడు, పంపించేశారు. ఏం అడిగి ఉంటారో ఊహించలేనంత తెలివితక్కువ వాణ్ని కాను. నీకు నిజంగా రోగముందా అని అడిగి ఉంటారు. మిషన్‌ను చూడగానే వాడి ధైర్యం చచ్చి ఉంటుంది. రోజుకు ఎనిమిది గంటలు భూమి లోపల చీకట్లో తిరిగిన వాడికి ఒక గొట్టంలో పడుకోవడం భయమా? భయం గొట్టమంటే కాదు, అందులో వచ్చే బొమ్మ అంటే.

ఇంకో సంగతి కూడా నాకు అర్థమవుతోంది. నీ అల్లుడు భానుప్రసాద్ ఇప్పుడు చిన్న గుమస్తా కాదట, కలెక్టరేటులో ఏదో పెద్ద సెక్షన్ చూస్తున్నాడట. ఇంకో రోజు రమ్మన్నది అందుకేనా? ఎవరికి ఏ మాట చెప్పి, ఏ రిపోర్టు రాయించుకోవడానికి ఈ గడువు? చెప్పు ఆయనకు, రిపోర్టును నేను భూతద్దం పెట్టి చదువుతాను. డాక్టర్ల పుస్తకాలు కూడా నేను చదివినవే. మా కార్మికుల రీడింగ్ రూముకు తాళం వేసి గోడౌన్ చేసినప్పుడు చెదలు పట్టకుండా నేను మోసుకొచ్చిన వాటిలో శరీర శాస్త్రం రెండు సంపుటాలు ఉన్నాయి. దానికి తాళం వేసిన యూనియన్ నాయకుడు ఇప్పుడు పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు. చూడటానికి పోయాను. చూసి వచ్చాను, అంతే.

నీ కొడుకు ఓంప్రకాశ్‌ను తలుచుకో. జగిత్యాల రోడ్డు మీద మోటార్ సైకిల్ మీంచి పడి కాలు చెడగొట్టుకున్నాడు. అది అసలైన దెబ్బ. చివరి దాకా గోడలు పట్టుకుని నడిచాడే గానీ, పాపం, ఎవరి ముందూ దాన్ని ప్రదర్శన పెట్టలేదు. నీ గడప తొక్కకపోయినా వాడి చావుకు శ్మశానం దాకా నేను వచ్చాను, గుర్తుందా? నా కొడుక్కి వాడి మర్యాదలో పావు వంతు ఉన్నా చాలు.

పోశక్క ఉండగా వాడు బాగానే ఉన్నాడు. తను పోయాకే ఈ వేషాలు. తల్లి లేని ఇంట్లో తండ్రి మాట చెల్లదని కనిపెట్టాడు.

కుర్చీ సంగతి నీకు నిద్ర పట్టనివ్వడం లేదంటున్నావు. నాకు పాతికేళ్ళుగా పట్టడం లేదు. తొక్కు పంపొద్దు.

కుమారస్వామి


కరీంనగర్,
14 జూలై 2024

తమ్మీ,

నీ ఉత్తరం మొగిలికి చూపించలేదు. స్వరూపకూ చూపించలేదు. బియ్యం డబ్బా కింద పెట్టాను.

ముందుగా వాడేం చెప్పాడో రాస్తాను, లేకపోతే నువ్వు ఇంకో నాలుగు ఉత్తరాలు రాస్తావు. ఆ మిషన్ పెద్ద అయస్కాంతం. ఒంట్లో ఎక్కడైనా ఇనుము ఉందా అని అందరినీ అడుగుతారు. గనిలో పైకప్పు బోల్టు కొడుతుండగా ఒకసారి ఇనుప రజను కంట్లో పడిందని మొగిలి నిజం చెప్పాడు. లోపల ముక్క మిగిలి ఉంటే అయస్కాంతం లాగి కన్ను పోతుందట. అందుకని ముందు కంటికి ఎక్స్‌రే తీసి, ఏమీ లేదని తేలాక రమ్మన్నారు. భానుప్రసాద్ ఆ వారమంతా నిర్మల్‌లో డ్యూటీలో ఉన్నాడు. అతనికి నీ కొడుకు వచ్చిన సంగతి ఫోనులోనే తెలిసింది.

రెండోసారి నేను కూడా పోయాను. లోపల బండలు పగలగొడుతున్నట్టు చప్పుడు. బయట కూర్చున్న మాకే గుండె అదిరింది. వాడు బయటికి వచ్చి, "మంచిగ నిద్ర వట్టింది అత్తా. కప్పు ముక్కుకాడికున్నది, చెవుల కాడ డ్రిల్లు కొడుతుండ్రు. నైట్ షిఫ్ట్ లెక్కనే ఉండె" అన్నాడు. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. ఈ కొడుకు గురించేనా నువ్వు భయపడ్డాడని రాసింది?

డాక్టరు మమ్మల్ని తెర ముందు కూర్చోబెట్టి చూపించాడు. అడ్డంగా కోసిన కందగడ్డ ముక్కల్లా ఉన్నాయి తొడల బొమ్మలు. నడుమ ఎముక. దాని చుట్టూ కండ తడిసిన పలకలాగా బూడిద రంగులో కనిపించాలట. మొగిలికి ముందు వైపు అక్కడక్కడ ఆ రంగు మిగిలింది. వెనక వైపంతా తెలుపే. కండ చచ్చిపోయిన చోట కొవ్వు వచ్చి కూర్చుందట. నువ్వు రాసిన పిక్కలు కూడా చూపించాడు. పైకి లావు, లోపల పాలమీగడ. ఇంకో రకం బొమ్మలో కొన్ని చోట్ల నిప్పు రాజుకున్నట్టు మెరుపు ఉంది. అది ఇప్పుడు చెడిపోతున్న కండట. మనిషి ఒళ్ళు దాచుకుంటే కండ సన్నబడుతుంది గానీ ఇలా మారదని చెప్పాడు. ఇన్నేళ్ళు ఈ కాళ్ళతో గనిలోకి ఎలా దిగావయ్యా అని వాణ్ని అడిగాడు. "మెల్లగ దిగిన సార్" అన్నాడు మొగిలి.

తర్వాత డాక్టరు, మీ అమ్మానాన్నలు దగ్గరి చుట్టాలా అని అడిగాడు. తండ్రి మేనమామ బిడ్డను చేసుకున్నాడని మొగిలి చెప్పాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అంటే, "ఎవ్వలికి లేదు సార్" అన్నాడు.

వెనక నిలబడ్డ నేను, "నా కొడుక్కుండె" అన్నాను.

స్వరూప నా వైపు తిరిగి చూసిన చూపు నీకు రాయలేను. దానికీ ఇది ఇంటి రోగమని తెలియదు.

తమ్మీ, ఓంప్రకాశ్ బండి మీద నుంచి పడలేదు. పడి ఉంటే ఎంత బాగుండేది. పాతికేళ్ళు నిండేసరికి మెట్లెక్కడానికి ఆపసోపాలు పడేవాడు. హైదరాబాద్ తీసుకుపోయాం. అప్పుడు ఈ మిషన్లు మాలాంటి వాళ్ళకు ఎక్కడివి, తొడ కోసి చిన్న కండ ముక్క తీసి చూశారు. తల్లి వైపు, తండ్రి వైపు రెండు పక్కల నుంచీ వస్తేనే ఈ రోగం బయటపడుతుందన్నారు. మన నాయన కుండమార్పిడి పెళ్ళిళ్ళు చేశాడు కదా. మేనమామ కొడుక్కి నన్నిచ్చి, ఆయన బిడ్డను నీకు తెచ్చాడు. నాలో ఏముందో నీలోనూ ఉండొచ్చు, రాములులో ఏముందో పోశక్కలోనూ ఉండొచ్చు. మళ్ళీ మీలో మీరు ఇచ్చిపుచ్చుకోవద్దని డాక్టరు చేతులు జోడించి చెప్పాడు. అప్పటికి స్వరూప తాంబూలాలు అయిపోయాయి.

అందుకే మాట తప్పాను. నీ కొడుకు గనిలో పని చేస్తాడని కాదు. కండ రోగమున్న ఇల్లని తెలిస్తే నా బిడ్డను ఎవరూ చేసుకోరు, నీ కొడుక్కి ఎవరూ ఇవ్వరు. అందుకని బండి మీద నుంచి పడ్డాడని ఊరికంతా చెప్పాం. నీకు శుభలేఖ పోస్టులో పంపింది కూడా నీ ముందు నిలబడి అబద్ధమాడే ధైర్యం లేకనే.

కానీ నేను అందరి దగ్గరా దాచలేదు. స్వరూప పెళ్ళి తర్వాత పోశక్క ఒకసారి నీకు చెప్పకుండా మా ఇంటికి వచ్చింది. మొగిలికి భైంసా సంబంధం మాట్లాడుతున్నారు, అంతకు ముందు నీ నోట కారణం వినాలి అంది. నేను ఓంప్రకాశ్‌ను పిలిచి, "లేచి నిలవడు బిడ్డా" అన్నాను. వాడు లేచాడు. అదంతా చూసి ఆమె వాడి తల నిమిరింది. తమ్ముడికి నేను చెప్తానంటే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు వదినె. ఆయనకు నిజం దొరికితే జేబుల వెట్టుకొని తిరిగే మనిషి కాదు. రీడింగ్ రూముల నిలవడి చెప్తడు. పేపర్లకు రాస్తడు. భైంసోళ్ళింటికి వొయ్యి మరీ చెప్పొస్తడు. నా కొడుకు పెండ్లి గాక ఉండిపోతడు. ఒకవేళ వానికి రాకపోతే? రాకనే పోతదేమో. నేను చూసుకుంట, నువ్వు ఊకో."

నేను ఊరుకున్నాను. ఇద్దరం ఆడవాళ్ళం ఆ మాట మీద నిలబడ్డాం. ఆమె పోయాక కూడా నేను నిలబడ్డాను. మొగిలి నా చాప మీద నుంచి లేచేదాకా.

సాయిచంద్ గురించి కూడా డాక్టరును అడిగాను. తల్లి బయటి పిల్ల కాబట్టి వాడికి ఈ రోగం వచ్చే అవకాశం దాదాపు లేదన్నాడు. పెళ్ళి మాత్రం మన చుట్టాల్లో వద్దన్నాడు. స్వరూప నీ కోడలై ఉంటే ఏమయ్యేదో నువ్వే ఆలోచించు. నేను ఆలోచించడం మానేశాను.

మొగిలి బోర్డు పిలిచేదాకా ఇక్కడే ఉంటానంటున్నాడు. నువ్వు బోర్డు డాక్టరు దగ్గరికి పోయిన సంగతి నేను చెప్పలేదు. వాడికి ముందే తెలుసు.

అనసూర్య


బెల్లంపల్లి,
19 ఆగస్టు 2024

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. నాలుగు సార్లు మొదలుపెట్టాను. మొదటి మూడూ నీ మీద రాశాను. చింపేశాను.

బోర్డు పోయిన వారం జరిగింది. పిలుపు రాగానే ఇంటికి వచ్చిన మొగిలి వెంట నేనూ పోయాను. రావద్దని మొగిలి అనలేదు, రమ్మనీ అనలేదు. రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. వరండాలో జనం వరుసగా ఉన్నారు. అందులో కొందరు నడకలు సాధన చేస్తున్నారు. ఎవరు ఎక్కడ నేర్చుకున్నారో చూడగానే చెప్పగలను. మొగిలి వంతు వచ్చింది. ఒక డాక్టరు బొమ్మల్ని దీపపు పెట్టె మీద పెట్టి చూశాడు, పక్కాయనకు చూపించాడు. నడిచి చూపించమని అడగలేదు. నేనెవరినని అడిగితే తండ్రినన్నాను. నేను పోయి మాట్లాడిన డాక్టరు ఆయనే. "అయితే మీరు చెప్పిందే చేశాం, లోపల చూశాం" అన్నాడు. ఎగతాళికి అన్నాడో, మామూలుగా అన్నాడో తెలియదు. ఆయన్ని కూడా తప్పు చేసినవాళ్ళ లెక్కలో రాసుకుందామనుకున్నాను గానీ, ఆయన తప్పేమీ కనిపించలేదు.

అన్‌ఫిట్ అని రాశారు. సాయిచంద్‌కు ఫిట్‌నెస్ పరీక్షకు పిలుపు వస్తుంది. వాడు మా లైను చివరి నీళ్ళ ట్యాంకు ఇనుప నిచ్చెన ఇప్పటికీ కోతిలా ఎక్కుతాడు. ఆ పిల్లవాడి కాళ్ళకు నువ్వు తప్పిన మాటే కారణమైతే, ఆ బాకీ ఒప్పుకోక తప్పదు. ఒప్పుకుంటున్నాను. ఇంతకు మించి అడగకు. నీ అల్లుడి మీద నేను రాసింది కూడా కొట్టేసుకో. ఆయన ముఖం ఇప్పటికీ నాకు నచ్చదు, అది వేరే సంగతి.

ఇంటికి వచ్చేసరికి కోడలు కుర్చీ వేసి ఉంచింది. నేనే వేయమన్నాను. మొగిలి కుర్చీ వైపు చూశాడు, కూర్చున్నాడు, తిన్నాడు. చేయి కడుక్కున్నాక నా చెవి దగ్గరికి వంగి, నాకు వినబడేలా తల్లి సంగతి నెమ్మదిగా విడదీసి చెప్పాడు.

"అవ్వకు తెలుసు. తెలిసి ఊకున్నది. నీకేం తెల్వదు. తెల్వకనే బోర్డుకు వొయ్యి చెప్పినవ్ బాపూ."

కోపంగా అనలేదు. హాజరు పిలిచినట్టు అన్నాడు. ఆ తర్వాత తల్లి ఫోటో కింద మంచం వేయించుకుని పడుకున్నాడు. రెండు వారాల్లో భార్యాపిల్లలతో మంచిర్యాలకు మారతాడట. కింది అంతస్తులో ఇల్లు చూసుకున్నారు. మెట్లు లేవట. ఈ ఇంటికి రెండే మెట్లు. ఆ రెండూ కొట్టించి వాలు పోయిస్తానన్నాను. వినలేదు. నువ్వైనా చెప్పి చూడు. నీ మాట వింటాడు.

ఇప్పుడు నాకు తోస్తున్నది రాస్తాను. పోశక్క ప్రతి ఆదివారం మొగిలి చేత అటక మీంచి ఏదో ఒకటి దింపించేది. ఒకసారి ఇత్తడి బిందె, ఒకసారి కందుల మూట. పై ఆదివారం మళ్ళీ ఎక్కించమనేది. వారమంతా గనిలో ఒళ్ళు హూనం చేసుకొచ్చిన వాణ్ని ఎందుకు తిప్పలు పెడతావు, నీకు బుద్ధి లేదా అని పుస్తకంలోంచి తలెత్తి కసిరేవాణ్ని. ఆమె నాకేసి చూసేది కాదు. వాడు ముక్కాలిపీట ఎక్కుతుంటే వాడి మోకాళ్ళనే చూస్తూ నిలబడేది. వాడు దిగాక, "సరే బిడ్డా" అని వంటింట్లోకి పోయేది. చివరి సంవత్సరం అటక మీద సామానంతా తనే కిందికి దింపుకుంది. తనకు చేతకావడం లేదేమో, అందుకే దించేసిందనుకున్నాను. అంటే అప్పటికే చూసింది. కరీంనగర్ మిషన్ ఇప్పుడు చూపించిన దాన్ని ఆమె తొమ్మిదేళ్ళ కింద నా కళ్ళ ముందే చూసింది. వాడు ఎక్కలేకపోయాడని చూసి, నాతో ఒక్క మాట అనకుండా, ఆ రాత్రి నాకు అన్నం వడ్డించి ఉంటుంది.

నేను ఊరికి చాటుతానని భయపడిందట. చాటేవాణ్నే. చాటితే ఏం? వాణ్ని గనిలోంచి అప్పుడే పైకి తీసేవాణ్ని. గని బయట పైపని ఇవ్వమని ప్రతి ఆఫీసు గుమ్మం ఎక్కేవాణ్ని. నా పోట్లాట ఒక్కసారైనా నా ఇంటికి పనికొచ్చేది. ఆమె నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, నన్ను పరాయివాడి కింద జమ కట్టింది. నా కొడుకును నేను దొంగను చేసి బోర్డు ముందు నిలబెట్టేదాకా రానిచ్చి, అడగడానికి లేకుండా పోయింది.

మన నాయనను వదిలేశాను. నిన్ను వదిలేశాను. రాములు బావ గోడవైపు ఎందుకు చూశాడో ఇప్పుడు తెలిసింది, ఆయన్నీ వదిలేశాను. మొగిలి నన్ను తప్పు పడుతున్నాడు, పట్టనీ. నేను ఇప్పటికీ తప్పు పట్టేది మాత్రం ఒక్క మనిషినే.

పోశక్కను.

కుమారస్వామి